డిసెంబర్‌లో షుగర్ పరీక్షలో 6.1, జనవరిలో సంక్రాంతి: బరువు పెరగకుండా ఎలా నెట్టుకొచ్చాను (నా అనుభవం)

2024 డిసెంబర్ 10న ల్యాబ్ అబ్బాయి ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లాడు. ప్యాకేజీ 1,499 రూపాయలు. అందులో అరవై చిల్లర పరీక్షలు ఉన్నాయి కానీ నాకు కావాల్సినవి రెండే. ఏడింటికి వస్తానని ఎనిమిదిన్నరకి వచ్చాడు, అప్పటిదాకా కాఫీ చుక్క లేకుండా కూర్చున్నాను. సాయంత్రం ఆరున్నరకి ఫోన్‌లోకి రిపోర్టు వచ్చింది: ఫాస్టింగ్ (పరగడుపున షుగర్) 112, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల షుగర్ సగటు చూపించే పరీక్ష) 6.1. పక్కనే ఎర్ర అక్షరాలు.

మా అమ్మకి పదిహేనేళ్లుగా షుగర్. అందుకే ఆ 6.1కి అర్థం ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 5.7 నుంచి 6.4 దాకా అంచు మీద ఉన్నట్టు, 6.5, ఆపైన ఉంటే షుగర్ వచ్చేసినట్టు. నాకు నలభై మూడేళ్లు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు, భయం అనాలో కోపం అనాలో తెలియలేదు. మా ఆయన "ఒక్క పాయింటే కదా, ఎందుకంత టెన్షన్" అన్నారు, దానికి ఇంకా ఒళ్లు మండింది.

పాత ఫైల్ తీసి చూశాను. 2022 డిసెంబర్‌లో బరువు 67.8 కిలోలు, 2023 డిసెంబర్‌లో 69.5, ఇప్పుడు 71.4. ప్రతి సంక్రాంతికీ ఊరెళ్లి రెండు మూడు కిలోలు పెరిగి వస్తానని, తర్వాత ఆఫీసు, ఇంటి పని పడేసరికి అదే తగ్గిపోతుందని మేమంతా నవ్వుకునేవాళ్లం. కొంత తగ్గేది, నిజమే. మిగిలింది ఎక్కడికీ పోలేదని ఆ మూడు రిపోర్టులూ పక్కపక్కన పెడితే కనబడింది.

డాక్టర్ అపాయింట్‌మెంట్ 14వ తేదీ శనివారానికి దొరికింది. ఫీజు 700. పదింటికి టైమ్ ఇచ్చి లోపలికి పిలిచేసరికి పన్నెండుంపావు. లోపల ఉన్నది పది నిమిషాలు. ముందు టేపు తీసి నడుము కొలిచారు. ఎందుకో గానీ బరువు చూసేటప్పుడు లేని సిగ్గు అప్పుడు వేసింది. 94 సెంటీమీటర్లు. మన దేశంలో ఆడవాళ్లకి 80 దాటకూడదట, నా ఎత్తుకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 29 వచ్చింది, మనవాళ్లకి 23 దాటితేనే ఎక్కువ బరువు కింద లెక్క. "ఇప్పుడే మందు వద్దు, మూడు నెలలు చూద్దాం. ఉన్న బరువులో ఐదు శాతం, అంటే మూడున్నర కిలోలు తగ్గితే చాలా తేడా ఉంటుంది. వారానికి 150 నిమిషాలు గట్టిగా నడవండి" అన్నారు. నేను పండగ సంగతి చెప్పాను. క్రిస్మస్, కొత్త సంవత్సరం, ఆ వెంటనే సంక్రాంతికి పాలకొల్లు దగ్గర మా పుట్టింటికి వెళ్లాలి, వారం రోజులు ఉంటాం అని. ఆయన నవ్వి, "అయితే జనవరి నెలాఖరు దాకా తగ్గాలని చూడకండి. ఈ 71.4 ఇలాగే ఉంటే అదే గెలుపు. తగ్గడం ఫిబ్రవరి నుంచి" అన్నారు.

ఆ మాటతో నా గుండె బరువు సగం దిగింది. పండగల్లో తగ్గాలని పట్టుబడితే రెండో రోజుకే చేతులెత్తేసేదాన్ని. పెరగకుండా ఉండటం అంటే చేయగలిగే పనే అనిపించింది.

అదే ఆసుపత్రిలో కింది అంతస్తులో డైటీషియన్ ఉన్నారు, ఇంకో 600. చిన్నమ్మాయి, మాది గోదావరి జిల్లా అనగానే ముందు అరిసెల సంగతే అడిగింది. నా పాత రిపోర్టులు చూసి, అమెరికాలో 2000లో అచ్చయిన ఒక పరిశీలన గురించి చెప్పింది. 195 మందిని చూస్తే అక్కడి పండగ వారాల్లో, అంటే నవంబర్ మధ్య నుంచి జనవరి మొదటి రోజుల దాకా, సగటున పెరిగింది అర కిలో కూడా లేదట, 0.37 కిలో. కానీ పెరిగింది తర్వాతి నెలల్లో తగ్గలేదట. "మీ ఫైల్ కూడా అదే చెప్తోంది కదండీ" అంది. తర్వాత ఒక కాగితం మీద రాసిచ్చింది. భోజనంలో ముందు కూర, పప్పు, గుడ్డో చేపో తిని, అన్నం ఆఖర్న తినాలి. తిన్న అరగంట లోపు పదిహేను నిమిషాలు నడవాలి. పిండివంటలు టీతో కాదు, భోజనం తర్వాత తినాలి. ఈ మూడోది నాకు వింతగా అనిపించింది, కారణం తర్వాత నా కళ్లతో చూశాను.

ఇంటికొస్తూ వేలి నుంచి రక్తం చుక్క తీసి షుగర్ చూసుకునే గ్లూకోమీటర్ కొన్నాను, పాతిక స్ట్రిప్పులతో కలిపి 1,100. తర్వాత విడిగా కొన్న స్ట్రిప్పులు ఒక్కోటి 22 రూపాయలు పడ్డాయి, ఖర్చంతా వాటి దగ్గరే. బరువు చూసే డిజిటల్ మిషన్ 950. మీరు కొంటే బండల మీద పెట్టి చూడండి, మా ఇంట్లో మ్యాట్ మీద పెడితే ముప్పావు కిలో తేడా చూపించింది.

డిసెంబర్ చివరి వారం తేలిగ్గానే గడిచింది. క్రిస్మస్‌కి పక్క ఫ్లాట్ వాళ్లు ప్లమ్ కేకు, రోజ్ కుకీలు పంపారు, ఆఫీసులో ఇంకో కేకు. ఒక ముక్క తిన్నాను, మిగిలింది పిల్లలు ఒక్క సాయంత్రంలో ఖాళీ చేశారు. 31 రాత్రి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద భోజనాలు, మనిషికి 550 వసూలు చేశారు. తొమ్మిదికి పెడతామన్నవాళ్లు పదకొండింటికి పెట్టారు. నేను మాత్రం ఎనిమిదింటికే ఇంట్లో రెండు పుల్కాలు, పప్పు తినేసి పైకి వెళ్లాను, అందుకే బిర్యానీ రెండు గరిటెలతో సరిపెట్టగలిగాను. అసలు చిక్కు నడక దగ్గర వచ్చింది. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో పొద్దున్నే ఆరింటికి మంచు, చలి, దుప్పట్లోంచి కాలు బయటపెట్టబుద్ధి కాదు. పొద్దుటి నడక వదిలేసి మధ్యాహ్నం ఆఫీసులో తిన్నాక, రాత్రి తిన్నాక కింద పార్కింగ్‌లో తిరగడం మొదలుపెట్టాను. వాచ్‌మన్ మొదట్లో ఏదో పోయిందేమో, వెతుకుతున్నానేమో అనుకున్నాడట.

ఈలోపు మీటర్‌తో చూస్తూ వచ్చాను. నాలుగు ఇడ్లీలు చట్నీతో తిన్న రెండు గంటలకి 158. రెండు ఇడ్లీలు, ఒక ఆమ్లెట్ తింటే 131. ఇవి నా ఒంటి అంకెలు, మీకు వేరేగా ఉండొచ్చు. కానీ చూశాక ఇడ్లీ మీద నాకున్న గౌరవం కాస్త తగ్గింది.

జనవరి 11 తెల్లవారుజామున నాలుగింటికి కార్లో బయల్దేరాం. అందరూ అదే అనుకున్నట్టున్నారు. పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటకి పైగా నిలబడిపోయాం, ఫాస్టాగ్ ఉన్నా అంతే. ఏటా ఆ కార్లోనే నా పండగ మొదలయ్యేది, చిప్స్, మురుకులు, పిల్లల బిస్కెట్లు, నిద్ర ఆపుకోవడానికి ఒక చెయ్యి, విసుగు ఆపుకోవడానికి ఇంకో చెయ్యి. ఈసారి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, జామకాయలు, నాలుగు ఉడకబెట్టిన గుడ్లు పెట్టుకున్నాను. గుడ్ల వాసనకి పిల్లలు గొడవ చేశారు, కిటికీ దించి తినాల్సి వచ్చింది. సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగితే టోకెన్ దొరకడానికే అరగంట. ఊరు చేరేసరికి మధ్యాహ్నం మూడు.

గుమ్మంలో కాలు పెట్టగానే బెల్లం పాకం వాసన. అమ్మ అప్పటికే తడి బియ్యప్పిండి ఆడించి ఉంచింది, పాకం పొయ్యి మీద ఉంది, ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు సాయానికి వచ్చారు. నేను అరిసెల చెక్కలు పట్టుకుని నూనె వత్తే పనిలో కూర్చున్నాను. వండేవాళ్లకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది, పండగ తిండి విస్తట్లో కంటే పొయ్యి దగ్గరే ఎక్కువ పోతుంది. ఉండ పాకం వచ్చిందా అని నోట్లో వేసుకోవడం, మొదటి అరిసె ఎలా వచ్చిందో చూడటం, విరిగినవి పక్కన పెట్టి మాటల్లో తినేయడం, ఆ తర్వాత సున్నుండలు చుడుతూ చేతికంటిన పిండి. డైటీషియన్ లెక్క ప్రకారం ఒక మాదిరి అరిసె 150 నుంచి 200 కేలరీలు. నేను నోట్లో లవంగం పెట్టుకుని కూర్చున్నాను. నవ్వకండి, పనిచేసింది. నోట్లో ఏదో ఉంటే చెయ్యి అటు పోదు.

"ఏంటే చిక్కిపోయావు, డైటింగా?" అని పిన్ని. (చిక్కలేదు, అర కిలో కూడా తగ్గలేదు.) డైటింగ్ అన్న మాట పొరపాటున ఒప్పుకుంటే మా వైపు ఇక వదలరు, అది ఆడపిల్ల అమ్మ వంటని అవమానించినంత లెక్క. అందుకని ఉన్నమాట చెప్పేశాను, షుగర్ అంచు మీద ఉందట అని. ఒక్క క్షణం అందరూ ఊరుకున్నారు. ఆ తర్వాత వైద్యాలు మొదలయ్యాయి. కాకరకాయ రసం, మెంతులు నానబెట్టిన నీళ్లు, నేరేడు గింజల పొడి, ఎవరో ఆకు నమిలితే ఎవరికో మందులే మానిపించారట. ఇవన్నీ చెప్తూనే పిన్ని నా ప్లేట్లో రెండు అరిసెలు వేసింది. "బెల్లవే కదే, పంచదార కాదుగా." కేలరీల్లోనూ, షుగర్ పెంచడంలోనూ రెండింటికీ పెద్ద తేడా లేదని చెప్పి చూశాను. "మా కాలంలో ఎవరికొచ్చిందే ఈ జబ్బు" అంది. పక్కనే పదిహేనేళ్ల షుగర్ పేషెంటు మా అమ్మ కూర్చుని ఉంది.

ఆ సాయంత్రమే పరీక్షగా టీతో రెండు అరిసెలు తిని గంటకి చూశాను, 176. మర్నాడు మధ్యాహ్నం బీరకాయ కూర, పప్పు, చేపల పులుసుతో కొంచెం అన్నం తిని, చివర ఒక అరిసె తిని, కాలవ గట్టు మీద అటూ ఇటూ నడిచొచ్చి చూస్తే 138. అరిసె ఒకటి తగ్గింది నిజమే, కానీ ఖాళీ కడుపున టీతో తినడానికీ భోజనం చివర తినడానికీ ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు. అప్పట్నుంచి నాకు ఎవరు ఏం పెట్టినా ఒకటే మాట, "భోజనంలో తింటాను, అక్కడ పెట్టు." ఎవరూ నొచ్చుకోలేదు. వద్దు అనడం వేరు, తర్వాత అనడం వేరు.

13న భోగి. నాలుగింటికే మంట, తలంటు, పిల్లలకి భోగిపళ్లు. ఆ రోజు ముగ్గు నేనే పెట్టాను, చుక్కలు పెడుతూ గొంతుక్కూర్చుని లేస్తూ గంటన్నర. మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయాను. పార్కింగ్‌లో నెల రోజులు తిరిగినా రాని నొప్పి అది. 14న పెద్దపండగ, పెద్దలకి బట్టలు పెట్టడం, బూరెలు, పులిహోర, పరమాన్నం, గుమ్మడికాయ కూర. ప్రసాదం వద్దనలేం, వద్దనాలని నాకూ లేదు. పరమాన్నం ఒక చిన్న గిన్నె, ఒక బూరె, నెయ్యి పోసుకుని తృప్తిగా తిన్నాను, ఆ రోజు మీటర్ సంచిలోంచి బయటికి తియ్యలేదు. మధ్యాహ్నం అందరూ చాపలేసుకుని పడుకుంటే నేను పిల్లల్ని తీసుకుని కొబ్బరితోట దాకా వెళ్లొచ్చాను.

15న కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు, మేమూ కదల్లేదు. గారెలు, నాటుకోడి కూర. నాకు ఆశ్చర్యం వేసింది ఇక్కడే. కూర ఎక్కువ, గారెలు మూడు, అన్నం మానేశాను, రెండు గంటలకి 134. భయపడిన భోజనం అది, పరవాలేదనిపించింది. (నూనె సంగతి వేరే, అది మీటర్‌లో కనబడదు, మిషన్ మీద కనబడుతుంది.) నన్ను దెబ్బతీసింది తిండి కాదు, నిద్ర. రాత్రి ఒంటిగంట దాకా పేకాట, కబుర్లు, మళ్లీ ఐదింటికి లేవడం. నిద్ర చాలని రోజు సాయంత్రం డబ్బాల మూతలు వాటంతటవే తెరుచుకునేవి.

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. అమ్మ కజ్జికాయలు తిని, "ఇవాళ ఒక బిళ్ళ ఎక్కువేసుకుంటాలే" అంది, చాలా మామూలుగా. ప్రతి పండక్కీ అంతేనట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. హైదరాబాద్ డాక్టర్‌కి మెసేజ్ పెడితే గంటలో ఫోన్ చేశారు, ఆ బిళ్ళ సొంతంగా పెంచుకుంటే రాత్రి నిద్రలో షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది, వద్దని గట్టిగా చెప్పండి అని. స్పీకర్‌లో పెట్టి అమ్మకి వినిపించాను. నా మాట వినని మనిషి ఆయన మాటకి "ఆయ్, అలాగేనండి" అంది.

17న తిరుగు ప్రయాణం. అమ్మ డిక్కీ నింపింది. అరిసెలు, సున్నుండలు, జంతికలు, కజ్జికాయలు, ఎవరో తెచ్చిన ఆత్రేయపురం పూతరేకులు. ఇంటికి రాగానే డబ్బాలన్నీ మిషన్ మీద పెట్టి చూశాను, స్టీలు బరువు తీసేసినా ఎనిమిది కిలోల పైమాటే. అప్పుడు అర్థమైంది నాకు ఆ ఏటేటా రెండు కిలోలు ఎక్కడివో. పండగ మూడు రోజులవి కావు. జనవరి 18 నుంచి ఫిబ్రవరి పదో తారీఖు దాకా ఆఫీసు నుంచి రాగానే టీ పక్కన ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి, పాడైపోతాయని ఒకటి, ఇలా ఎవరూ పండగ అనుకోని రోజుల్లో ఒంటికి పట్టినవి.

ఆ సాయంత్రమే పంచేశాను. వాచ్‌మన్ కుటుంబానికి, పనమ్మాయికి, కేకు పంపిన పక్క ఫ్లాట్‌కి, మిగిలింది సోమవారం ఆఫీసుకి. ఇంట్లో ఒక చిన్న డబ్బా ఉంచాను, పై అరలో, స్టూల్ వేసుకుంటే గానీ అందనంత ఎత్తులో. మా ఆయన రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. "మీ అమ్మ అంత కష్టపడి చేస్తే" అన్నారు. అది తగిలింది, ఎందుకంటే నూనె వత్తింది నేనే. పంచుతుంటే నాకూ బాధేసింది, అరిసెలు వండినవాళ్ల చేతులు గుర్తొచ్చాయి. అమ్మ ఫోన్‌లో "అరిసెలు ఉన్నాయా, మెత్తగా ఉన్నాయా" అని అడిగినప్పుడల్లా ఉన్నాయి, బావున్నాయి అని చెప్తూ వచ్చాను.

18వ తేదీ పొద్దున్నే మిషన్ ఎక్కితే 72.6. ఒకటింపావు కిలో దాకా పెరిగింది. ఏడుపొచ్చింది, ఇంత చేసీ ఇదేనా అని. డైటీషియన్‌కి మెసేజ్ పెట్టాను. ఉప్పు, పిండి పదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు ఒళ్లు నీరు పట్టి ఉంచుకుంటుంది, అదంతా కొవ్వు కాదు, మామూలు తిండికి వచ్చేయండి, పస్తులుండొద్దు, వారం తర్వాత చూడండి అని జవాబు. ఆ వారం రోజులూ మిషన్‌ని మంచం కిందకి తోసేశాను. 25న చూస్తే 71.3.

అంటే డాక్టర్ అడిగింది జరిగింది. ఎవరికి చెప్పినా పెద్దగా పట్టించుకోలేదు, తగ్గితే చప్పట్లు కొడతారు గానీ పెరగకుండా ఉంటే ఏం చెప్పుకుంటాం!

ఫిబ్రవరి నుంచి అదే పద్ధతి, రాత్రి అన్నం బదులు ఎక్కువగా పుల్కా లేదా జొన్న రొట్టె, ఎండ రాకముందు పొద్దుటి నడక. ఇందులో చెప్పడానికేం లేదు, విసుగ్గా ఉంటుంది, అంతే. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి తొందరపడి మధ్యలో చేయించొద్దన్నారు. మార్చి 15న ఆ ఒక్క పరీక్షే చేయించాను, 450 రూపాయలు. దానికి పరగడుపున వెళ్లక్కర్లేదు, నేను కాఫీ తాగే వెళ్లాను. 5.8 వచ్చింది. బరువు 69.2, నడుము 90. ఇంకా అంచు మీదే ఉన్నాను, డాక్టర్ కూడా అదే అన్నారు, మందు అవసరం లేదు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ రండి అని. ఈసారి బయట కూర్చున్నది గంటే.

అన్నీ కలిపితే, పరీక్షలు, ఫీజులు, మీటర్, స్ట్రిప్పులు, మిషన్ అన్నీ, ఏడు వేల లోపే అయింది. ఇన్సూరెన్స్ వీటిలో ఒక్కదానికీ రాలేదు.

అమ్మని ఫిబ్రవరిలో పాలకొల్లులో చూపించాం. ఏడాదిన్నరగా హెచ్‌బీఏ1సీ చేయించనే లేదని అప్పుడు తెలిసింది. 8.7 వచ్చింది. బిళ్ళలు మార్చారు, మీటర్ ఒకటి కొనిచ్చాను, పక్కింటి కుర్రాడు చూడటం నేర్పించాడు. ఇప్పుడు పొద్దున్నే ఫోన్ చేసి ముందు తన అంకె చెప్తుంది, తర్వాత నా అంకె అడుగుతుంది.